ఆదివారం జంట సినిమాలు: రీమేక్‌ను తూచే మా ఇంటి పద్ధతి

డాబాగార్డెన్స్‌లో మాకు పద్దెనిమిదేళ్ళు వీడియో కేసెట్ల కొట్టు ఉండేది. 1986లో తెరిచాం. సీడీలు వచ్చి, కేబుల్‌లో రోజుకు మూడు సినిమాలు వేయడం మొదలయ్యాక 2004లో షట్టర్ దించేశాం. కౌంటర్ దగ్గర కూర్చునేది నేను. మా ఆయన వెనక బల్ల మీద వీసీపీల, అంటే కేసెట్లు ఆడించే పెట్టెల, మూతలు విప్పి, స్పిరిట్‌లో ముంచిన దూదితో హెడ్డు తుడుస్తూ ఉండేవారు. కేసెట్ రివైండ్ చేయకుండా తిరిగి ఇచ్చిన వాళ్ళ పేర్లు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. రాయను లెండి.

విశాఖలో కొట్టు పెట్టినవాళ్ళు తెలుగు కేసెట్లతో సరిపెట్టుకోలేరు. నేవీ క్వార్టర్స్ నుంచి మలయాళీలు వచ్చేవారు, స్టీల్ ప్లాంట్ నుంచి బెంగాలీలు, ఒడియావాళ్ళు, పోర్టు వైపు నుంచి తమిళులు. ఒకే కథ మూడు నాలుగు భాషల్లో నా అరల్లో పక్కపక్కన నిలబడి ఉండేది. "ఇదే కథ మా భాషలో చూడాలి అక్కా, దీని ముందు అదెంత" అని ప్రతి భాషవాళ్ళూ నాతో చెప్పారు. అందరూ అదే మాట అంటే ఎవరిని నమ్మాలి? తీరిగ్గా కూర్చుని తేల్చుకునే భాగ్యం కొట్టు మూశాకే దొరికింది.

ఇప్పుడు ఎం.వి.పి. కాలనీలోని మా ఫ్లాట్‌లో నెలకు రెండు ఆదివారాలు ఎనిమిది మందిమి కూర్చుంటాం. ఒక వారం మాతృక, ఇంకో వారం రీమేక్. కింది వాటాలో ఉండే మలయాళీ పెద్దాయన నేవీలో చేసి ఇక్కడే స్థిరపడ్డారు, నేను అన్నయ్యగారూ అంటాను. ఎదురింటి అమ్మాయి మందుల కంపెనీలో పని చేస్తుంది, నన్ను ఆంటీ అంటుంది. మిగతావాళ్ళు బంధువులు, పాత ఖాతాదారులు. నాలుగేళ్ళలో మాకొక పద్ధతి కుదిరింది. "రీమేక్‌లన్నీ దండగ" అనేవాళ్ళకూ, "మనవాడు చేస్తే అదే ఒరిజినల్" అనేవాళ్ళకూ కూడా పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు ఏది చూడాలి

కొట్టులో నేను కనిపెట్టిన మొదటి సంగతి, మనిషికి మొదట చూసిందే మెరుగ్గా కనిపిస్తుందని. దీన్ని ఇంట్లో పరీక్షించాం. జీతూ జోసెఫ్ 2013లో మోహన్‌లాల్‌తో మలయాళంలో తీసిన దృశ్యం, శ్రీప్రియ 2014లో వెంకటేష్‌తో తెలుగులో తీసిన దృశ్యం తీసుకున్నాం. అప్పటికి మాలో ఎవరూ రెండూ చూడలేదు, నమ్మండి నమ్మకపోండి. నలుగురు అన్నయ్యగారి ఇంట్లో మలయాళం చూశారు, నలుగురు మా ఇంట్లో తెలుగు చూశారు. తరువాతి వారం ఇళ్ళు మారాం. ఎనిమిది మందిలో ఏడుగురు తాము ముందు చూసినదానికే ఓటు వేశారు. ఎనిమిదో ఆయన రెండింటిలోనూ నిద్రపోయారు కాబట్టి ఆయన తీర్పు నిష్పక్షపాతమని ఒప్పుకున్నాం.

దృశ్యం లాంటి కథలో బలమంతా ముడిలో ఉంది. కేబుల్ నడుపుకునే మామూలు మనిషి పోలీసులకు దొరుకుతాడా లేదా అన్నదే మనల్ని కుర్చీ అంచు మీద కూర్చోబెడుతుంది. రెండోసారి చూసేటప్పటికి ముడి ఎక్కడుందో మనకు తెలుసు. రెండోది ఎంత బాగా తీసినా అప్పటికే ఓడిపోయి ఉంటుంది. ఆ నేరం సినిమాది కాదు, మన క్యాలెండరుది.

అందుకని మా ఇంటి కట్టుబాట్లు ఇవి. రెండూ చూడనివాళ్ళు రీమేక్‌ను ముందు చూడాలి. వెనకపడే అవకాశం ఎక్కువున్నదానికి ముందుగా పెట్టడం న్యాయం. మాతృకను ఎప్పుడో పాతికేళ్ళ కిందట చూసి ఉంటే, జ్ఞాపకాన్ని నమ్ముకోకుండా మళ్ళీ చూడాలి. జ్ఞాపకం సినిమాలో లేని వర్షం కూడా కురిపిస్తుంది. రెండింటినీ ఒకే రోజు చూడకూడదు. ఒకసారి మొండికేసి రెండు భాషల దృశ్యాలనూ ఒకే ఆదివారం పెట్టాను, అయిదు గంటల పైచిలుకు. సాయంత్రానికి జనం సినిమా మీద కాక నా మీద విసుక్కున్నారు.

ఇంకొకటి. మాతృకను దాని సొంత గొంతులతోనే చూడాలి. డబ్బింగ్‌లో చూసి "మాతృక తేలిపోయింది" అనడం, చద్దన్నం తిని వండినవాళ్ళను తిట్టడం లాంటిది. సబ్‌టైటిల్స్ వేసుకోండి, వీలైతే ఆ భాష తెలిసినవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకోండి. తెర కింద "సార్" అని ఒక్క ముక్క పడుతుంది. ఆ "సార్"లో గౌరవం ఉందా వెటకారం ఉందా అన్నది మా అన్నయ్యగారు చెబితేనే తెలుస్తుంది. ఆయన చెప్పడం మొదలుపెడితే ఆపడం కష్టం, అది వేరే సమస్య.

నోటుపుస్తకంలో మూడు గడులు

మా పద్ధతికి ప్రాణం ఇక్కడుంది. రెండు వందల పేజీల రూళ్ళ పుస్తకం కొనండి. పేజీకి రెండు నిలువు గీతలు గీసి మూడు గడులు చేయండి. మొదటి గడిలో ఏం మారిందో రాయాలి. రెండో గడిలో ఆ మారిన వస్తువు మాతృకలో ఏ పని చేసేదో రాయాలి. మూడో గడిలో రీమేక్‌లో ఆ పని ఇప్పుడు ఎవరు చేస్తున్నారో రాయాలి. మార్పులు లెక్కపెట్టడం ఎవరైనా చేస్తారు. రెండో గడి నింపడానికే బుర్ర కావాలి.

ఉదాహరణకు మణిచిత్రతాళు. ఫాజిల్ 1993లో తీసిన మలయాళ సినిమా. శోభనకు జాతీయ ఉత్తమ నటి పురస్కారం తెచ్చింది. కేరళలో పాత కాలపు పెద్ద ఇల్లు, అందులో ఎప్పుడో చనిపోయిన నాగవల్లి అనే తంజావూరు నర్తకి కథ. ఇంటి కోడలు ఆ నర్తకిగా మారిపోయినప్పుడు ఆమె నోటి నుంచి తమిళం వస్తుంది. అంతసేపూ మలయాళం మాట్లాడిన అమ్మాయి గొంతులో పొరుగు భాష వినపడగానే ఒళ్ళు జలదరిస్తుంది.

ఇప్పుడు దీన్ని తమిళంలో తీయాలి. తమిళ సినిమాలో దెయ్యం తమిళం మాట్లాడితే ఏముంది? పి. వాసు 2004లో కన్నడ ఆప్తమిత్రలోనూ, 2005లో తమిళ చంద్రముఖిలోనూ ఆ నర్తకిని తెలుగు మనిషిని చేశారు. ఇద్దరూ "రారా" అంటూ తెలుగులోనే పిలుస్తారు. ప్రియదర్శన్ 2007లో హిందీలో భూల్ భులయ్యా తీసినప్పుడు ఆమె మంజూలిక అయింది, బెంగాలీ మాట్లాడింది. మొదటి గడిలో రాయవలసింది తమిళం, తెలుగు, బెంగాలీ. రెండో గడిలో: పరాయిగా వినపడాలి, కానీ బొత్తిగా అర్థం కాకుండా పోకూడదు. అంటే పక్క రాష్ట్రపు భాష కావాలి. మూడో గడి ప్రతిసారీ నిండింది. భాష మారింది, భాష చేసే పని మారలేదు.

దీంట్లో మనకొక చిన్న అన్యాయం జరిగింది. తమిళులకు వణుకు పుట్టించడానికి పెట్టిన పాట మనకు మన వీధి మనిషి పాడినట్టుంటుంది. అందరూ బిగుసుకుని కూర్చోవలసిన చోట మా ఎదురింటి అమ్మాయి హాయిగా కూనిరాగం తీసింది.

గడి నిండనప్పుడు ఎలా ఉంటుందో చూడాలంటే 2016 నాటి హిందీ పింక్, 2021లో మనవాళ్ళు తీసిన వకీల్ సాబ్ పెట్టుకోండి. పింక్‌లో లాయరు వయసుడిగిన మనిషి, మానసికంగా ఆరోగ్యం బాగాలేని మనిషి. అమితాబ్ ఆ నీరసాన్ని దాచుకోడు. రెండో గడిలో నేను రాసుకున్నది ఇది: ఇతను ఎవరినీ కొట్టలేడు, కనుక గెలవాలంటే కోర్టులో మాట ఒక్కటే దిక్కు. వకీల్ సాబ్‌లో లాయరుకు ప్రేమకథ వచ్చింది, ఫైట్లు వచ్చాయి. బయట నలుగురిని ఎత్తి కుదేసే మనిషి కోర్టులో మాట్లాడుతుంటే ఆ మాట మీద పడవలసిన బరువు పడలేదు. మూడో గడి ఖాళీగా ఉంచాను. సినిమా బాగా ఆడిందని మా ఆయన గుర్తు చేశారు. ఆడింది, నేనూ ఈల విన్నాను. నా పుస్తకంలో ఈలకు గడి లేదు.

ఒకే సినిమాలో ఒక గడి నిండి, ఇంకొకటి ఎండిపోవడం కూడా ఉంది. సచ్చి 2020లో తీసిన అయ్యప్పనుమ్ కోషియుమ్ పేరులోనే ఇద్దరున్నారు. ఇద్దరూ సమానంగా మొండివాళ్ళు, ఎవరి పక్షం వహించాలో తెలియక చూసేవాడు నలిగిపోవాలి. తెలుగులో 2022లో వచ్చేసరికి పేరు భీమ్లా నాయక్ అయింది. పోస్టరు మీదే ఒక మనిషి తగ్గాడు. ఎవరి పక్షమో టికెట్టు కొనేటప్పుడే తేలిపోయింది. కానీ అదే సినిమాలో, మలయాళంలో అట్టప్పాడి ఇరుళ గాయని నంజమ్మ పాట చేసిన పనిని తెలుగులో పన్నెండు మెట్ల కిన్నెర మొగిలయ్య గొంతుకు అప్పగించారు. అక్కడి కొండ పాట తీసేసి ఇక్కడి నేల పాట పెట్టారు. ఆ ఒక్క గడిని నేను రెండుసార్లు గీత గీసి మెచ్చుకున్నాను. నంజమ్మకు ఆ పాటకు జాతీయ పురస్కారం వచ్చింది, మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఇద్దరూ చదువుకుని పాడినవాళ్ళు కారు.

ఒక్క సన్నివేశం పట్టుకోండి

సినిమా మొత్తాన్ని తూచబోతే మాటలు గాలికి పోతాయి. "మొదటి సగం బాగుంది, రెండో సగం సాగింది" అనే తీర్పు ఏ సినిమాకైనా అతుకుతుంది. రెండింటిలోనూ ఉన్న ఒకే సన్నివేశాన్ని ఎంచుకుని, మళ్ళీ మళ్ళీ వేసుకుని చూడండి. ఎంచుకునేటప్పుడు క్లైమాక్స్ జోలికి పోకండి. క్లైమాక్స్‌కు అందరూ ఒళ్ళు దగ్గర పెట్టుకుని పని చేస్తారు. ఏదో చిన్న పని జరిగే చోటు చూడండి.

మా ఇంట్లో ఎక్కువసార్లు వేసింది మహేషింటె ప్రతికారంలో ఫోటో స్టూడియో సన్నివేశం. దిలీష్ పోతన్ 2016లో ఫహద్ ఫాసిల్‌తో తీశారు, ఇడుక్కి కొండల్లో. వెంకటేష్ మహా 2020లో సత్యదేవ్‌తో దాన్నే ఉమామహేశ్వర ఉగ్రరూపస్యగా మన అరకులో తీశారు. రెండింటికీ సంగీతం బిజిబాల్‌దే. హీరో చిన్న ఊళ్ళో ఫోటోగ్రాఫర్. ఒక అమ్మాయి వచ్చి తనకు మంచి ఫోటో కావాలంటుంది. అతను రోజూ పాస్‌పోర్టు ఫోటోలకు చెప్పే మాటలే చెబుతాడు. గడ్డం కొంచెం పైకి, కొంచెం కిందికి, కళ్ళు తెరవండి. క్లిక్. ఆ అమ్మాయికి ఫోటో నచ్చదు, నచ్చలేదని మొహం మీదే చెబుతుంది.

మొదటిసారి మేము ఆ అమ్మాయి మాటలే విన్నాం. రెండోసారి టీవీ గొంతు నొక్కేసి చూశాం. అప్పుడు ఫోటోగ్రాఫర్ చేతులు కనిపించాయి. ఏళ్ళ తరబడి చేస్తున్న పనిని మనసు పెట్టకుండా చేసే చేతులు ఎలా ఉంటాయో అలా ఉన్నాయి, రెండింటిలోనూ. ఫహద్‌లో ఆ బద్ధకం ఒంట్లో కలిసిపోయి ఉంది. సత్యదేవ్‌లో దాని మీద కాస్త మంచితనం కనిపిస్తుంది, కనుక ఆ అమ్మాయి మాటకు అతను నొచ్చుకుంటే మనకు కొంచెం ఎక్కువ జాలేస్తుంది. ఏది మేలు? నాకు మొదటిది, మా ఎదురింటి అమ్మాయికి రెండోది. అరగంట వాదించుకున్నాం. ఆ అరగంటలో ఎవరూ "అతను గొప్ప నటుడు" లాంటి మాట వాడలేదు. చేతుల గురించే మాట్లాడారు. నాకు కావలసింది అదే.

ఊరు మారినప్పుడు

అదే సినిమాలో ఇంకో సంగతి. హీరో ఊరి కూడలిలో అందరి ముందూ దెబ్బలు తింటాడు, తిరిగి కొట్టేదాకా చెప్పులు వేసుకోనని ఒట్టు పెట్టుకుంటాడు. మలయాళంలో మొదట్లోనే అతను నీళ్ళ దగ్గర కూర్చుని చెప్పులు తోముకుంటూ కనిపిస్తాడు. ఎంత అపురూపంగా చూసుకునే వస్తువును వదులుకుంటున్నాడో అప్పుడే చెప్పేశారన్నమాట.

ఈ ఒట్టు అన్ని ఊళ్ళలో పని చేయదు. రెండో గడిలో రాసి చూడండి: ఒకడి కాళ్ళ వైపు ఊరంతా చూసే చోటు కావాలి. ఆ సినిమా చూసిన నెలకు మా ఆయనా నేనూ పొద్దున్నే కిరండూల్ రైలెక్కి అరకు వెళ్ళాం. సినిమా కోసమేనని ఎవరికీ చెప్పలేదు, నవ్వుతారని. సంత దగ్గర నా కుడి చెప్పు ఉంగటం తెగింది. రెండు చెప్పులూ చేత్తో పట్టుకుని నడుస్తున్నాను. అయిదు నిమిషాల్లో ముగ్గురు అడిగారు. టీ కొట్టు ఆమె పిన్నీసు ఇచ్చింది, ఒక పెద్దాయన చెప్పులు కుట్టేవాడు ఎక్కడ కూర్చుంటాడో చెప్పి, ఇవాళ రాడని కూడా చెప్పాడు. పిన్నీసు ఆగలేదు. రాత్రి విశాఖలో దిగి, అవే చెప్పులు చేత్తో పట్టుకుని స్టేషన్ బయటికి వచ్చి ఆటో ఎక్కాను. ఒక్కరూ నా కాళ్ళ వైపు చూడలేదు. ఆ కథను జగదాంబ జంక్షన్‌లో పెట్టి తీస్తే హీరో జన్మంతా చెప్పుల్లేకుండా తిరిగినా ఎవరికీ పట్టేది కాదు. అరకును ఎంచుకున్నవాళ్ళకు ఆ ఒట్టు చేసే పని తెలుసు.

తమిళంలో ఇదే కథను ప్రియదర్శన్ 2018లో నిమిర్ పేరుతో తీశారు. చూడటానికి ముచ్చటగా ఉంది. నాకు అంటలేదు.

ఊరు పేరు మార్చినంత మాత్రాన ఊరు రాదనడానికి నా దగ్గర ఇంటి ఉదాహరణే ఉంది. తమిళ 96 తెలుగులో 2020లో జానుగా వచ్చినప్పుడు తంజావూరు బడి బదులు విశాఖ అన్నారు. నేను పుట్టి పెరిగిన ఊరు. ఎదురుచూసి వెళ్ళాను. దర్శకుడు అతనే, సంగీతం అతనిదే, చిన్నప్పటి జానుగా వేసిన గౌరి కిషన్ కూడా రెండింటిలోనూ ఉంది. ఇన్ని ఉన్నా ఆ బడి మా ఊళ్ళో ఉన్నట్టు నాకు తోచలేదు. ఎక్కడ ఉన్నా ఒకటే అనిపించింది.

ఒకే దర్శకుడు రెండోసారి తీస్తే

ఈ జంటలకు ప్రత్యేకంగా పేజీ పెట్టుకోండి, ఎందుకంటే ఇక్కడ "అతనికి అర్థం కాలేదు" అనడానికి వీల్లేదు. గౌతమ్ తిన్ననూరి జెర్సీని 2019లో నానితో తీసి, 2022లో షాహిద్ కపూర్‌తో హిందీలో తీశారు. హైదరాబాద్ పోయి పంజాబ్ వచ్చింది. రైల్వే స్టేషన్‌లో రైలు హోరులో హీరో గొంతు చించుకుని అరిచే సన్నివేశం తెలుగులో చూసినప్పుడు నా చేతిలో టీ చల్లారిపోయింది. హిందీలో టీ పూర్తిగా తాగాను. దర్శకుడు తన మొదటి సినిమాను మరిచిపోలేకపోయాడని నా అనుమానం. తాను ఒకసారి వేసిన అడుగులోనే మళ్ళీ అడుగు వేయాలనుకుంటే నడక కుదరదు.

మరిచిపోగలిగినవాళ్ళూ ఉన్నారు. తాపీ చాణక్య రాముడు భీముడు కథను మూడుసార్లు తీశారు. 1964లో ఎన్టీఆర్‌తో తెలుగులో, 1965లో ఎంజీఆర్‌తో తమిళంలో, 1967లో దిలీప్ కుమార్‌తో హిందీలో. ఆ మూడు కేసెట్లూ నా కొట్టులో ఎప్పుడూ అద్దెకు పోయి ఉండేవి. కె. విశ్వనాథ్ 1976 నాటి సిరిసిరిమువ్వను 1979లో సర్గమ్‌గా తీసినప్పుడు జయప్రదను అలాగే ఉంచి, చంద్రమోహన్ చేతిలోని డప్పును రిషి కపూర్ చేతిలో డఫ్లీ చేశారు. హిందీవాళ్ళు ఇప్పటికీ ఆ డఫ్లీ పాట పాడుకుంటారు. గడి నిండినట్టే.

అచ్చు దించడం గురించి ఒక్క మాట. హిచ్‌కాక్ 1960 నాటి సైకోను గస్ వాన్ శాంట్ 1998లో దాదాపు షాటుకు షాటు మళ్ళీ తీశారు, రంగుల్లో. ఓపికుంటే రెండూ చూడండి. ఏమీ మార్చకపోతే నష్టం ఉండదనుకునేవాళ్ళకు మంచి మందు.

ముగింపును విడిగా చూడండి

ముగింపు మారితే వెంటనే కోపం తెచ్చుకోకండి. ఎవరి కోసం మార్చారో అడగండి. తమిళ రమణ 2002లో వచ్చింది, అందులో హీరోకు ఉరిశిక్ష పడి అమలవుతుంది. 2003లో వి.వి. వినాయక్ చిరంజీవితో ఠాగూర్ తీసినప్పుడు అది అయిదేళ్ళ జైలుశిక్షగా మారింది. థియేటర్ నుంచి బయటికి వస్తూ మా ఆయనను అడిగాను, ఉరి తీస్తే ఏమయ్యేదని. "తెర చింపేవారు, కుర్చీలు కూడా మిగిలేవి కావు" అన్నారు. అది కథ కోసం చేసిన మార్పు కాదు, కుర్చీల కోసం చేసిన మార్పు. అయినా నేను పూర్తిగా తప్పు పట్టలేను, ఆ రోజు నేనూ బతికించమనే మొక్కుకున్నాను.

దృశ్యం చైనాలో 2019లో తీసినప్పుడు చివర్లో తండ్రి నేరం ఒప్పుకుని లొంగిపోతాడు. మనకు అది మింగుడుపడదు. అక్కడి సెన్సారు కత్తెర ఎలాంటిదో తెలిసినవాళ్ళకు ఆశ్చర్యం ఉండదు.

సీరియళ్ళను ఇలా తూచలేం

మా చెల్లెలు అడిగింది, సీరియళ్ళ రీమేక్‌ల సంగతేమిటని. కార్తీక దీపం మలయాళ కరుత్తముత్తు నుంచి వచ్చింది. ఇంటింటి గృహలక్ష్మి, హిందీ అనుపమా రెండూ బెంగాలీ శ్రీమోయీ బిడ్డలే. సీరియల్‌కు మాతృక తొలి వంద ఎపిసోడ్ల దాకా తోడు వస్తుంది. ఆపైన ఎవరి దారి వారిది. అందుకని మొదటి వారం ఎపిసోడ్లు పక్కపక్కన పెట్టి చూసి, తరువాత మూడు నెలలకు ఒక వారం చూసి, కథ ఏ మలుపు దగ్గర చేయి వదిలిందో రాసుకోండి. ఆ వదిలిన చోటే అసలు సీరియల్ మొదలవుతుంది. ఇంగ్లీషు ది ఆఫీస్ కూడా అంతే. అమెరికాలో 2005లో మొదటి ఎపిసోడ్‌ను బ్రిటిష్ స్క్రిప్టుకు దాదాపు నకలుగా తీశారు. రెండోది సొంతంగా రాసుకున్నారు, 2013 దాకా నడిపారు.

కూర్చునేటప్పుడు

ఆరుగురు నుంచి ఎనిమిది మంది చాలు. పదిమంది దాటితే సభ అవుతుంది. మాట్లాడే ముందు ప్రతి మనిషీ రెండు సంగతులు బయటపెట్టాలి: ఏది ముందు చూశాడు, ఎన్నేళ్ళ వయసులో చూశాడు. ఇది మా ఇంట్లో ప్రమాణం లాంటిది. వసూళ్ళ మాట ఎత్తినవాళ్ళు తరువాతి ఆదివారం ముంత మసాలా తేవాలి. హీరోల అభిమానులను రానివ్వచ్చు, కానీ తమ హీరో గురించి మాట్లాడేటప్పుడు ఒక సన్నివేశం పేరు చెప్పి తీరాలి. సినిమా నడుస్తుండగా "ఇప్పుడు చూడు, ఇప్పుడు చూడు" అనే మనిషిని నా పక్కన కూర్చోబెడతాను, మోచెయ్యి అందేలా.

మొదలుపెట్టేవాళ్ళు అరకు జంటతో మొదలుపెట్టండి, తరువాత నాగవల్లి వరస. మూడోది మన ఊరి సినిమా, మరో చరిత్ర. బాలచందర్ 1978లో ఇక్కడా భీమిలిలోనూ నలుపు తెలుపుల్లో తీశారు. తమిళ అబ్బాయి, తెలుగు అమ్మాయి. మద్రాసులో డబ్బింగ్ లేకుండా తెలుగులోనే ఏడాదికి పైగా ఆడింది. తమిళంలోకి డబ్ చేసి ఉంటే ఇద్దరి మధ్య ఉన్న భాష గోడ అక్కడికక్కడే కూలిపోయేది. 1981లో ఆయనే ఏక్ దూజే కే లియే తీసినప్పుడు విశాఖ గోవా అయింది, రంగులు వచ్చాయి. అబ్బాయిని మాత్రం తమిళుడిగానే ఉంచి అమ్మాయిని హిందీ పిల్లను చేశారు. తెలుగు సినిమా పేర్లతో అల్లిన పాట ఒకటుంది, దాన్ని అనువదిస్తే ఏమీ మిగలదు. హిందీలో హిందీ సినిమా పేర్లతో మళ్ళీ అల్లుకున్నారు. 2010లో తెలుగులోనే ఇంకోసారి తీశారు, దానికి మా పుస్తకంలో అరపేజీ చాలింది.

మా ఇంట్లో ఈ జంట మూడుసార్లు వేశాం. మూడో గడి బాగానే నిండుతుంది. ఎదురింటి అమ్మాయి హిందీదే మేలంది, ఆమె ముందు చూసింది అదే. అన్నయ్యగారు తెలుగు అన్నారు. నా వంతు వచ్చినప్పుడు ప్రమాణం ప్రకారం చెప్పాను: తెలుగు ముందు చూశాను, పదిహేడేళ్ళ వయసులో, ఇదే ఊళ్ళో. అలా చెప్పిన మనిషి ఓటు లెక్కలోకి రాదని నియమం పెట్టింది నేనే. టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళాను.